అరుగుదల వేరు, పగులు వేరు

తెల్లవారుజామున ఫోను మోగుతుంది. విజయవాడలోనో వరంగల్లులోనో నిద్రలో ఉన్న తండ్రి ఉలిక్కిపడి లేస్తాడు. అవతల, అమెరికాలోని టెక్సాస్ రాష్ట్రంలో, అప్పుడే సాయంకాలం అవుతున్నది.

“నాన్నగారూ, కారొకటి చూశాను. రెండు తలుపుల హోండా సివిక్. 2008 నాటిది. నాలుగువేల డాలర్లు చెబుతున్నాడు. చూడడానికి ముచ్చటగా ఉంది. రేపటిలోగా చెప్పమంటున్నాడు.”

“మేస్త్రీ ఎవరికైనా చూపించావా, నాన్నా?”

అవతల క్షణకాలం మౌనం.

ఇట్టి సంభాషణ ఈనాడు తెలుగు ఇండ్లలో అరుదైనది కాదు. పై చదువుల కోసం అమెరికా వెళ్ళిన యువతీ యువకులు అక్కడ అడుగుపెట్టిన కొద్ది నెలలకే ఒక సత్యాన్ని గ్రహిస్తారు. పెద్ద నగరాల నడిబొడ్డున తప్ప మిగిలిన చోట్ల బస్సులు తక్కువ, దూరాలు ఎక్కువ. కూరగాయలు తెచ్చుకోవాలన్నా, రాత్రి పనిదిగి ఇంటికి చేరాలన్నా కారు ఉండక తప్పదు. కొత్త కారు కొనే స్తోమత ఉండదు. కనుక పాత కారే శరణ్యం. ఆ డబ్బు చాలా సందర్భాలలో ఇంటి మీదనో పొలం మీదనో తెచ్చిన విద్యా రుణంలోనిది. ఆ కారు నెల తిరగకుండా మొరాయిస్తే పోయేది నాలుగువేల డాలర్లు మాత్రమే కాదు. ఒక సెమిస్టరు ఫీజులో పెద్ద భాగం దానితోపాటే పోతుంది.

కారు కొనేవాడు ధర గురించి గంటల తరబడి బేరమాడతాడు. బేరమాడవలసినది ధర గురించి మాత్రమే కాదు. పాత కారు అసలు వెల అమ్మకందారు చేతిలో పెట్టే మొత్తం కాదు. ఆ మొత్తానికి మొదటి ఏడాది మరమ్మతుల ఖర్చును కలిపితే వచ్చేది అసలు వెల. ఆ ఖర్చును ముందుగా అంచనా కట్టడానికి ఇంజనీరు కానక్కరలేదు. ఆ కారుకు స్వతస్సిద్ధంగా ఉన్న జబ్బులేమిటో తెలిసి ఉంటే చాలు. తెలుగు విద్యార్థుల కంటికి తరచుగా ఆనే సివిక్ కూపేను ఉదాహరణగా తీసుకొని ఆ లెక్క ఎట్లా వేయాలో పరిశీలించవచ్చును.

కూపే కథ

రెండే తలుపులు, వెనుకకు వాలిన పైకప్పు, ఇరుకైన వెనుక సీటు గల కారును కూపే అంటారు. హోండా సంస్థ సివిక్ కారును 1972లో ప్రవేశపెట్టింది. అమెరికా విపణిలో దానికి కూపే రూపం 1993 మోడలుతో వచ్చింది. 2006 మోడలుతో వచ్చిన సివిక్ ఆ వరుసలో ఎనిమిదవ తరానిది. అమెరికాలోని ప్రసిద్ధ మోటారు పత్రిక ‘మోటార్ ట్రెండ్’ ఆ సంవత్సరపు ఉత్తమ కారుగా దానినే ఎంపిక చేసింది. 1.8 లీటర్ల ఇంజను, 140 అశ్వశక్తి, పెట్రోలు పొదుపు, చూడముచ్చటైన ఆకారం గల ఆ కారు యువతరాన్ని విశేషంగా ఆకర్షించింది. ఈ తరం 2011 మోడలుతో ముగిసింది. 2020 మోడలుతో సివిక్ కూపే తయారీయే నిలిచిపోయింది. అంటే నేడు రోడ్డు మీద కనిపించే ప్రతి సివిక్ కూపే పాతదే. అందులో 2006–2011 నాటివి బాగా వయసు మీరినవి. సామాన్యంగా మూడు నుంచి ఏడువేల డాలర్ల మధ్య ఇవి చేతులు మారుతూ ఉంటాయి.

వయసు మీరిన కారులో లోపాలు ఉండటం సహజం. అయితే ఆ లోపాలు రెండు జాతులు. మొదటిది అరుగుదల. టైర్లు, బ్రేకులు, బుష్షులు, బ్యాటరీ వంటివి వాడినకొద్దీ అరుగుతాయి. వాటికి ఇంత అని ఖర్చు తేలుతుంది. ఆ మేరకు ధర తగ్గించమని అడగవచ్చును. రెండవది పగులు, అనగా తయారీలోనే దాగి ఉండి ఏనాడో ఒకనాడు బయటపడే లోపం. దీనికి బేరం లేదు. అది ఉన్నదని తెలిస్తే కారును విడిచి రావడమే. ఎనిమిదవ తరం సివిక్‌లో ఇట్టి పగులు అక్షరార్థంలోనే ఉన్నది.

ఇంజను వెనుక నీలిచార

2006, 2007, 2008 మోడళ్ళలోను, 2009 మోడలులో మొదట తయారైన కొన్నింటిలోను 1.8 లీటర్ల ఇంజనుకు ఒక పోతలోపం బయటపడింది. ఇంజనుకు మూలాధారం బ్లాకు. సిలిండర్లు ఇందులోనే ఉంటాయి. ఈ కార్లలో అది అల్యూమినియం పోత. సిలిండర్ల చుట్టూ కూలెంటు ప్రవహించేందుకు అందులో కాలువలు ఉంటాయి. కొన్ని బ్లాకులలో ఆ కాలువ గోడ సన్నగా పగిలి, కూలెంటు చెమ్మలాగా బయటికి ఊరడం మొదలయింది. అన్ని కార్లకూ ఇది వచ్చిందని కాదు. ఎన్నో కార్లు ఈనాటికీ నిక్షేపంగా తిరుగుతున్నాయి. కాని ఏ కారుకు వచ్చినదో చూడనిదే తెలియదు.

ఈ పగులు మోసకారి. నేల మీద మడుగు కట్టదు. పొగ రాదు. కారిన కూలెంటు వేడి బ్లాకు మీదనే ఆరిపోయి, ఎండిన చారను మాత్రం మిగులుస్తుంది. హోండా ఈ కార్లలో పోసిన కూలెంటు నీలిరంగుది కనుక ఆ చార నీలిగానో తెల్లబారిన నీలిగానో కనిపిస్తుంది. అదీ బానెట్టు ఎత్తిన వెంటనే కంటికి ఆనే చోట కాదు. ఇంజను వెనుక భాగాన, డ్రైవరు వైపు గోడకు ఎదురుగా ఉంటుంది. కారును లిఫ్టు మీదికి ఎత్తి, టార్చిలైటు వేసి చూస్తేగాని తెలియదు. అందుచేతనే నెలకొకసారి డబ్బాలో కూలెంటు నింపుకుంటూ, కారణం తెలియకుండానే ఏళ్ళ తరబడి నడిపినవారు ఉన్నారు. తెలిసి కూడా నింపుకుంటూ, చివరికి మరొకరికి అంటగట్టేవారూ ఉంటారు.

కూలెంటు తగ్గిన సంగతి గమనించక కారు నడిపితే ఇంజను మితిమీరి వేడెక్కుతుంది. సిలిండరు హెడ్డు వంకర తిరుగుతుంది. గాస్కెట్టు కాలిపోతుంది. అప్పుడు బ్లాకుతోపాటు పైభాగానికీ ముప్పే. వేసవిలో టెక్సాస్ రహదారి మీద ఏసీ వేసుకొని వెళ్ళే కారుకు ఇది గంటలలో జరిగే పని.

హోండా ఈ లోపాన్ని అంగీకరించి, బ్లాకుపై హామీని మొదటి కొనుగోలు తేదీ నుంచి పదేళ్ళ వరకు, తిరిగిన మైళ్ళతో నిమిత్తం లేకుండా పొడిగించింది. ఆ గడువులో వచ్చిన కార్లకు కొత్త బ్లాకు ఉచితంగా బిగించారు. ఆ గడువు ఏనాడో ముగిసింది. ఈ రోజున పగులు బయటపడితే ఖర్చు యజమానిదే. కొత్త బ్లాకు బిగించాలన్నా, పాత కారు నుంచి తీసిన ఇంజను వేయించాలన్నా మూడు నుంచి ఐదువేల డాలర్లు అవుతుంది. అంటే కారు వెలతో సమానం.

ఇక్కడ కొనుగోలుదారుకు మేలుచేసే సంగతి ఒకటున్నది. హామీ కాలంలో బ్లాకు మార్చిన కారు దొరికితే అది మారని కారుకన్నా నిశ్చింతైనది. మార్చినట్టు అమ్మకందారు నోటిమాటగా చెబితే చాలదు. హోండా డీలరు సర్వీసు విభాగంలో కారు సంఖ్య చెప్పి విచారిస్తే, హామీ కింద జరిగిన పనుల వివరం తెలుసుకొనే వీలుంటుంది.

పదిహేడు అక్షరాల జాతకం

ఆ కారు సంఖ్య అంటే నంబరు ప్లేటు మీదిది కాదు. అమెరికాలో 1981 మోడలు నుంచి ప్రతి కారుకూ పదిహేడు అక్షరాలు, అంకెలు గల గుర్తింపు సంఖ్య ఉన్నది. ముందు అద్దం అడుగున డ్రైవరు వైపు మూల, తలుపు అంచున దీనిని చూడవచ్చును. మొదటి గుర్తు తయారైన దేశాన్ని తెలుపుతుంది. 1 అంటే అమెరికా, 2 అంటే కెనడా, ‘జె’ అంటే జపాను. పదవ గుర్తు మోడలు సంవత్సరం. 6 అంటే 2006, 7 అంటే 2007, 8 అంటే 2008, 9 అంటే 2009. అక్కడి నుంచి అక్షరాలు మొదలై ‘ఏ’ అంటే 2010, ‘బి’ అంటే 2011 అవుతుంది.

కనుక సివిక్ కూపే చూడబోయేవారు మొట్టమొదట పదవ గుర్తు చూడాలి. అది 6, 7, 8 లలో ఒకటైతే ఇంజను వెనుకభాగం చూడనిదే మాట ఇవ్వరాదు. 9 అయినా చూడడమే మేలు. అమ్మకందారు చెప్పిన సంవత్సరానికీ ఈ గుర్తుకూ పొంతన లేకపోతే ఇక ఆ వాకిట నిలువనక్కరలేదు.

అరిగేవి, వాటి ఖర్చు

పగులు లేదని తేలిన తరువాత అరుగుదల లెక్క. అమెరికాలో విడిభాగాల ధరకన్నా పనివాని కూలియే ఎక్కువ. షెడ్డులో గంటకు వంద నుంచి రెండువందల డాలర్ల వరకు ఉంటుంది. ఊరిని బట్టి, షెడ్డును బట్టి ఈ అంకెలు మారుతాయి కనుక కింద చెప్పే ఖర్చులను సుమారుగానే తీసుకోవాలి.

ఇంజనును చట్రానికి పట్టి ఉంచేవి మౌంట్లు. ఈ కారులో ప్రయాణికుని వైపున్న మౌంటులో ద్రవం నింపి ఉంటుంది. కాలక్రమాన అది చిట్లి నల్లని ద్రవం కారుతుంది. బండి ఆగి ఉండి ఇంజను తిరుగుతున్నప్పుడు స్టీరింగు, సీటు అదురుతాయి. గేరు వేసి బ్రేకు మీద కాలుంచితే అదురు పెరుగుతుంది. ఇది ఇంజను జబ్బేమోనని భయపడేవారు ఎక్కువ. నిజానికి రెండు నుంచి నాలుగువందల డాలర్లతో పోయే బాధ. బేరానికి మంచి ఆయుధం.

వెనుక టైర్ల సంగతి రెండవది. ముఖ్యంగా 2006, 2007 నాటి కార్లలో వెనుక చక్రాల పై చేతుల అమరిక వల్ల టైర్లు లోపలి అంచున ఎగుడుదిగుడుగా అరిగేవి. బయటికి మంచి టైరులాగానే ఉంటుంది. అరచేతిని లోపలి అంచు మీద రాస్తే గుంటలు, గట్లు తగులుతాయి. వేగం పెరిగినప్పుడు బేరింగు పోయినట్టు హోరు వినిపిస్తుంది. తెలియని మెకానిక్కు మంచి బేరింగును మార్చి డబ్బు తీసుకోవచ్చును. సరిదిద్దిన చేతులు వేయించి, అలైన్‌మెంటు చేయించి, ఆపైన కొత్త టైర్లు వేయించడం సరైన వరుస. ముందే టైర్లు మారిస్తే అవీ అదే తీరున అరుగుతాయి. నాలుగు టైర్లకు నాలుగు నుంచి ఏడువందల డాలర్లు పట్టవచ్చును.

మూడవది ఏసీ. చల్లదనం రానంత మాత్రాన కంప్రెసరు పోయిందని అనుకోరాదు. చిన్న రిలే ఒకటి చెడినా కంప్రెసరు పట్టుకోదు. రిలే ఖరీదు నాలుగు రాళ్ళు. కంప్రెసరు మార్చితే ఎనిమిదివందల నుంచి పదిహేనువందల డాలర్లు. అది లోపల నలిగి ముక్కలైతే ఆ లోహపు రజను గొట్టాలన్నింటిలోకి పాకుతుంది. అప్పుడు ముందున్న కండెన్సరు కూడా మార్చక తప్పదు. కనుక చలికాలంలో కారు కొనేవారు సైతం ఏసీ వేసి చూడాలి.

ముందు చక్రాల కింది చేతుల రబ్బరు బుష్షులు చిట్లడం, ఆల్టర్నేటరు, సెల్ఫ్ మోటారు అలసిపోవడం ఈ వయసు కార్లన్నింటికీ మామూలే. ఆల్టర్నేటరు మార్చడానికి నాలుగు నుంచి ఎనిమిదివందలు, బ్రేకు ప్యాడ్లు, డిస్కులు ఒక జతకు రెండువందల యాభై నుంచి ఐదువందలు, బ్యాటరీకి నూటయాభై నుంచి రెండువందల యాభై డాలర్లు లెక్క వేసుకోవచ్చును.

ఇంజను మీద ‘టిక్ టిక్’మని సన్నని శబ్దం వస్తే గాభరా పడనక్కరలేదు. ఈ ఇంజనులో ట్యాపెట్లను అప్పుడప్పుడు చేతితో సరిచేయవలసి ఉంటుంది. ఎవరూ చేయించలేదని ఆ శబ్దానికి అర్థం. లోతైన ‘దడ దడ’ శబ్దమైతే అది వేరు సంగతి. అది కింది బేరింగులది. ఆ కారును అక్కడే విడిచిపెట్టాలి.

టైమింగ్ బెల్టు గురించి ఒక తమాషా ఉన్నది. 2005 వరకు వచ్చిన సివిక్ ఇంజనులో టైమింగ్ బెల్టు ఉండేది. దానిని గడువు ప్రకారం మార్చవలసి వచ్చేది. 2006 నుంచి వచ్చిన ఇంజనులో బెల్టు బదులు చైను ఉన్నది. దానిని మామూలుగా మార్చనవసరం లేదు. అందుచేత 2008 కూపేను చూపిస్తూ “నిరుడే టైమింగ్ బెల్టు మార్పించాను” అని అమ్మకందారు గొప్పగా చెబితే, ఆయన బయటి బెల్టును చూసి పొరపడినా ఉండాలి, లేనిది ఉన్నట్టు చెబుతూనైనా ఉండాలి. మిగిలిన మాటలను ఆ మేరకు తూచి నమ్మాలి.

గేరు పెట్టె విషయంలో ఆటోమేటిక్ అయితే చల్లని ఇంజనుతో మొదలుపెట్టి, గేర్లు మారేటప్పుడు కుదుపు గాని ఆలస్యం గాని ఉన్నదేమో గమనించాలి. చెడితే మరమ్మతు మూడువేల డాలర్లు దాటవచ్చును. చేతి గేర్లదైతే క్లచ్చి జారుతున్నదేమో చూడాలి. క్లచ్చికి తొమ్మిదివందల నుంచి పదిహేనువందల వరకు అవుతుంది. ‘ఎస్.ఐ.’ అనే 197 అశ్వశక్తి గల వేగపు రకంలో మూడవ గేరు కీచుమనడం, జారిపోవడం తెలిసిన జబ్బే. ఆ రకం వేగప్రియుల చేతిలో నలిగి ఉండే అవకాశం ఎక్కువ కనుక విద్యార్థి అవసరాలకు మామూలు 1.8 లీటర్ల కారే క్షేమం.

కూపే అయినందువల్ల వచ్చే చిక్కులు కూడా కొన్ని ఉన్నాయి. ఇంజను, బ్రేకులు, ఏసీ వంటి భాగాలు చాలావరకు నాలుగు తలుపుల సివిక్‌లోనివే కనుక చౌకగా, విరివిగా దొరుకుతాయి. తలుపులు, అద్దాలు, వెనుక రెక్కలు మాత్రం కూపేకు ప్రత్యేకం. పాత ఇనుప దుకాణాలలో వీటికోసం వెతకవలసి వస్తుంది. తలుపు పొడుగైనది, బరువైనది. కీళ్ళు అరిగితే తలుపు వాలి, మూసేటప్పుడు పైకెత్తవలసి వస్తుంది. వెనుక సీటులోకి దారి ఇచ్చే ముందు సీటు సాఫీగా జరుగుతున్నదో లేదో కూడా చూడాలి. మిత్రులతో కలిసి ప్రయాణం చేసే విద్యార్థికి ఇది చిన్న సంగతి కాదు.

ప్రాణానికి సంబంధించినది

ఇంతవరకు చెప్పినది డబ్బు లెక్క. ఇప్పుడు చెప్పబోయేది ప్రాణం లెక్క. టకాటా అనే జపాను సంస్థ తయారుచేసిన ఎయిర్‌బ్యాగుల వ్యవహారం అమెరికా చరిత్రలోనే అతిపెద్ద రికాల్‌కు దారితీసింది. సుమారు 6 కోట్ల 70 లక్షల ఇన్‌ఫ్లేటర్లను వెనక్కి పిలిచారు. అందులో వాడిన అమ్మోనియం నైట్రేటు ఏళ్ళ తరబడి వేడికి, తేమకు గురైనప్పుడు దిగజారి, ప్రమాద సమయంలో అదుపు తప్పి పేలేది. రక్షించవలసిన సంచీ డబ్బా బద్దలై లోహపు తునకలను ముఖం మీదికి విసిరేది. మనుషులు చనిపోయారు. 2006–2011 సివిక్ కార్లు ప్రయాణికుని వైపు ఎయిర్‌బ్యాగు విషయంలో ఈ జాబితాలో ఉన్నాయి. టెక్సాస్, ఫ్లోరిడా వంటి ఉక్కపోత ప్రాంతాలలో తిరిగిన కార్లకు ముప్పు ఎక్కువ.

దీనికి మందు ఉచితం. అమెరికా ప్రభుత్వ రహదారి భద్రతా సంస్థవారి చోట కారు సంఖ్య ఇస్తే పెండింగులో ఉన్న రికాల్‌లు తెలుస్తాయి. హోండా డీలరు వద్దకు వెళితే డబ్బు తీసుకోకుండా కొత్తది బిగిస్తారు. కారు ఎన్ని చేతులు మారినా ఈ హక్కు పోదు. కారు కొన్న వారంలోనే ఈ పని పూర్తి చేసుకోవడం విధి.

కాగితాలు చెప్పేవి, చెప్పనివి

డీలరు దగ్గర కొనే పాత కారు అద్దానికి ఒక ప్రకటన అంటించి ఉంటుంది. 1985లో అమలులోకి వచ్చిన కేంద్ర నిబంధన ప్రకారం ఇది తప్పనిసరి. కారుకు హామీ ఉన్నదా లేక ‘ఉన్నది ఉన్నట్టుగా’ అమ్ముతున్నారా అనేది అందులో రాసి ఉంటుంది. రెండవదైతే, గేటు దాటిన తరువాత ఏది చెడినా సామాన్యంగా భారం కొన్నవారిదే. వ్యక్తి నుంచి నేరుగా కొన్నప్పుడు ఆ ప్రకటన కూడా ఉండదు.

మైళ్ళ మీటరును కూడా గుడ్డిగా నమ్మరాదు. అమ్మేవారు మైళ్ళను లిఖితపూర్వకంగా ప్రకటించాలన్న కేంద్ర నిబంధన ఉన్నది గాని, 2010, అంతకు ముందటి మోడళ్ళకు వయసు రీత్యా ఆ నిర్బంధం లేదు. కనుక పాత సర్వీసు రసీదులలోని మైళ్ళు, పెడళ్ళ రబ్బరు, స్టీరింగు పట్టు అరిగిన తీరు, డ్రైవరు సీటు అంచు ఇవే సాక్షులు. అరవైవేల మైళ్ళు మాత్రమే తిరిగిందన్న కారులో బ్రేకు పెడలు రబ్బరు నున్నగా మెరుస్తుంటే ప్రశ్నించవలసిందే.

యాజమాన్య పత్రం మీద ‘సాల్వేజ్’ అన్న ముద్ర ఉంటే, భీమా సంస్థ ఒకనాడు ఆ కారును పనికిరానిదిగా లెక్కగట్టిందని అర్థం. వరద కార్లలో ఇవి ఎక్కువ. 2017 ఆగస్టులో హార్వే తుపాను హ్యూస్టన్ నగరాన్ని ముంచెత్తినప్పుడు లక్షల సంఖ్యలో వాహనాలు నీటిపాలైనాయి. అట్టి కార్లు పైపైన తుడిచి దూర ప్రాంతాలలో అమ్మకానికి వస్తుంటాయి. డిక్కీలోని స్పేర్ టైరు గుంటలో ఒండ్రు, సీటు పట్టాల మీద తుప్పు, చాప కింద ముక్క వాసన, అత్తరు మరీ గుప్పుమనడం వీటి ఆనవాళ్ళు. ఉత్తరాది రాష్ట్రాలలో మంచు కరగడానికి రోడ్డు మీద ఉప్పు చల్లుతారు. అక్కడి నుంచి వచ్చిన కారుకు అడుగుభాగపు తుప్పు చూడడం మరువరాదు.

మేస్త్రీ ఎక్కడ?

మన దేశంలో ఫియట్, అంబాసిడర్ కార్ల కాలంలో పాత కారు కొనబోయేవారు తెలిసిన మేస్త్రీని వెంటబెట్టుకొని వెళ్ళేవారు. ఆయన బానెట్టు ఎత్తి, ఆయిలు కొలబద్ద తీసి వేళ్ళ మధ్య నలిపి, సైలెన్సరు వద్ద చేయి పెట్టి, ఆపైన ఒక చుట్టు తిప్పి తీర్పు చెప్పేవారు. ఆ తీర్పుకు ఇచ్చే ప్రతిఫలం కాఫీ ఫలహారాలో, పదో పరకో. అమెరికాలో ఆ మేస్త్రీ లేకపోలేదు. కొనుగోలుకు ముందు పరీక్ష అనే పేరుతో ఏ షెడ్డులోనైనా వంద నుంచి రెండువందల యాభై డాలర్లకు ఈ పని చేసి పెడతారు. షెడ్డును ఎంచుకోవలసినది కొనేవారు, అమ్మేవారు కాదు. పరీక్షకు కారును ఇవ్వనని అమ్మేవారు మొండికేస్తే ఆ నిరాకరణలోనే జవాబు ఉన్నది.

అంతకు ముందు విద్యార్థి తానే చేయదగిన పరీక్షలు నాలుగున్నాయి. కారును చూడడానికి పగటిపూట, ఇంజను చల్లగా ఉన్నప్పుడు వెళ్ళాలి. ముందే వేడి చేసి ఉంచితే ఎందుకని అడగాలి. కూలెంటు డబ్బాలో మట్టం చూడాలి. అరగంట నడిపి వచ్చాక ఉష్ణోగ్రత మీటరు కదలకుండా నిలిచిందా అని గమనించాలి. చివరిది, 1996 నుంచి అమెరికాలో అమ్మిన కార్లన్నింటికీ స్టీరింగు కింద ఒక సాకెట్టు ఉంటుంది. ఇరవై, ముప్ఫై డాలర్ల చిన్న యంత్రాన్ని దానికి తగిలిస్తే ఇంజను కంప్యూటరు నమోదు చేసిన లోపాలు తెలుస్తాయి. లోపాలేవీ లేవని, కాని స్వీయ పరీక్షలు ఇంకా పూర్తికాలేదని ఆ యంత్రం చూపిస్తే, పాత లోపాలను ఈ మధ్యనే చెరిపి ఉండవచ్చునని అనుమానించాలి.

ఒక లెక్క

ఉదాహరణకు రెండు కూపేలు తీసుకుందాం. మొదటిదాని ధర 4,500 డాలర్లు. రంగు వెలిసింది. టైర్లు అరిగాయి. మౌంటు చిట్లింది. బ్రేకులు మార్చాలి. రెండవదాని ధర 3,800 డాలర్లు. కడిగి మెరుగు పెట్టినది. అద్దంలా ఉన్నది. కాని కూలెంటు డబ్బా సగం ఖాళీ.

మొదటిదానికి టైర్లు 550, మౌంటు 300, బ్రేకులు 400, పరీక్ష రుసుము 150. మొత్తం 5,900 డాలర్లు. రెండవదానికి పగులు నిజమైతే ఇంజను మార్పు 4,000. మొత్తం 7,800 డాలర్లు. ఏడువందల డాలర్లు ఆదా అయిందనుకున్న చోట పందొమ్మిదివందలు అదనంగా పోయాయి. పైగా మొదటి కారు విషయంలో పరీక్ష చీటీని చూపించి ధర తగ్గించమని అడగవచ్చును. రెండవదాని విషయంలో అడగడానికి ఏమీ మిగలదు. మొదటిది అరుగుదల. రెండవది పగులు.

పరీక్షకు పెట్టిన నూటయాభై డాలర్లు దండగ అని తోచేది కారు బాగున్నదని తేలినప్పుడే. బాగాలేదని తేలినప్పుడు, ఆ సొమ్ము వేల డాలర్లకు కావలి కాసినట్టు తెలుస్తుంది. ఏ ఊరిలోనైనా పాత కార్లు మరల మరల అమ్మకానికి వస్తూనే ఉంటాయి. “రేపటిలోగా చెప్పాలి” అని తొందరపెట్టే అమ్మకందారు ఆ తొందరను అమ్ముతున్నాడు, కారును కాదు.

మూడు వారాల తరువాత మళ్ళీ తెల్లవారుజామున ఫోను మోగుతుంది. ఈసారి తండ్రి ఉలిక్కిపడడు.

“నాన్నగారూ, ఆ కారు తీసుకోలేదు. పైకెత్తి చూస్తే ఇంజను వెనుక నీలిచార ఉంది. ఇంకొకటి చూశాను. 2010ది. టైర్లు పోయాయి, అదురుతోంది. టైర్లకు, మౌంటుకు అయ్యేంత తగ్గించాడు.”

“ఇంజను వెనుక చూశారా?”

“చూశారండీ. పొడిగా ఉంది.”